మేడ మీద నుంచి చూసిన సాక్షి

చొక్కా ఇస్త్రీ చేస్తుంటే మా ఆయన వచ్చి, "రేపు కోర్టులో ఏం చెప్పాలో ఇంకోసారి చెప్పు," అన్నారు, చిన్నపిల్లకి ఎక్కాలు ఒప్పజెప్పించుకుంటున్నట్టు.

"ఆ రోజు ఎనిమిదింటికి మరిదికి వంటింట్లో టిఫిను పెడుతున్నాను."

"అంతే. తెలివి చూపించకు."

మహానుభావుడు కాలేజీలో పౌరశాస్త్రం చెబుతారు. పౌరుల హక్కులు, విధుల మీద పుస్తకం కూడా రాశారు. సాక్ష్యం చెప్పడం పౌరధర్మమన్న అధ్యాయాన్ని ఆయన మూడుసార్లు మారిస్తే, మూడుసార్లూ టైపు చేసింది నేనే. ముందుమాటలో ప్రింటరుకి కూడా కృతజ్ఞతలు చెప్పారు, నాకు తప్ప.

ఏడాది కిందట మా మరిది కారుతో వీధి ఊడ్చే ఆవిడని గుద్దేసి పారిపోయాడు. ఆవిడకి కాలు తీసేశారు. కారు ఎవరో ఎత్తుకుపోయారనీ, మరిది ఇంట్లోనే ఉన్నాడనీ వీళ్లు కథ అల్లారు. దానికి సాక్షిని నేను. అల్లేటప్పుడు నువ్వప్పుడు ఎక్కడున్నావని ఒక్కరైనా అడిగితే ఒట్టు! పందొమ్మిదేళ్లుగా ఎనిమిదింటికి నేను మేడ మీద వీళ్ల బట్టలే ఆరేస్తానని ఈ ఇంట్లో ఒక్కరికీ తెలియదు. అంతా కళ్లారా చూశాను. ఏడాదిగా నోరు మూసుకున్నాను, సిగ్గుచేటు.

"తిన్నింటి వాసాలు లెక్కపెట్టకు," అంది అత్తగారు, ఎందుకైనా మంచిదని. వండింది నేనైతే తిన్నది ఎవరో!

మర్నాడు కోర్టులో ఆ ఆవిడ చంక కింద కర్రతో వెనక బల్ల మీద కూర్చుంది. నావైపు చూడలేదు. నన్నూ వాళ్లలో కలిపేసిందని తెలిసి ఒళ్లు మండిపోయింది, నా మీద నాకే.

"ఎనిమిదింటికి ఎక్కడున్నారమ్మా?" అన్నాడు మా లాయరు.

"మేడ మీదండీ. బట్టలు ఆరేస్తున్నాను. అక్కణ్ణుంచి వీధంతా కనబడుతుంది."

మా ఆయన దిగ్గున లేచారు. "ఆవిడకేం తెలీదండీ, వట్టి వంటింటి మనిషి!"

"మీరు కూర్చోండి. సాక్షి ఆవిడ," అన్నారు జడ్జిగారు.

నా పెళ్లయ్యాక ఆయన నోరు ఇంకొకరు మూయించగా చూడడం అదే మొదలు. పౌరశాస్త్రం కూర్చుంది.

"కారు నడిపింది మా మరిదే," అన్నాను. "ఆవిడ పడ్డాక ఆపాడు. తల బయటపెట్టి చూసి మరీ పోయాడు. రాసుకోండి."