పోస్టర్ ఉన్నచోటే క్లాసు

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వాలిగా! బ్రస్సెల్స్‌లోని యూరప్ యూనియన్ నుంచి పోలండ్ పట్నం బియావిస్టోక్‌కు వచ్చే నిధులకు బోజెన్నా అలాంటి పూజారి. ముసలివాళ్లకు సేవ చెయ్యడం నేర్పే శిక్షణను తనిఖీ చెయ్యడానికి చెప్పాపెట్టకుండా జలెసీ ఊరికొచ్చింది.

ఫైర్‌స్టేషన్ పక్క గది ఖాళీ. ఒక కుర్చీలో రోగికి బదులు వాడే రబ్బరు బొమ్మ, గోడకు నాలుగు మేకులు. ఆ మేకులకుండాల్సిన, గుండ్రంగా పన్నెండు చుక్కలున్న యూరప్ పోస్టర్ కూడా లేదు. గది ఖాళీ అని తను రాస్తే శిక్షణ రద్దు. దీన్ని నమ్ముకున్న ఆడవాళ్లకు రేపటి ఉద్యోగాలూ గల్లంతు. ఇన్నేళ్లూ తను చూసింది వాళ్ల సంతకాలనే, మొహాలను కాదు. మేకుల వంక చూస్తూ నిలబడితే, ఎందుకో ఎవరూ లేని తన ఇల్లే గుర్తొచ్చింది.

ఎదురింట్లోంచి నవ్వులు వినిపించాయి. వెళ్లి తలుపు తోసింది.

మంచం చుట్టూ ఆడవాళ్లు. మంచంలో యెవ్దోకియా బామ్మ. మూలన దేవుడి పటాల మధ్య, పోస్టర్!

బోజెన్నా మెడలోని ఆఫీసు కార్డు చూసి శిక్షకురాలు లుద్మీల మొహం పాలిపోయింది. "పొద్దున బామ్మ లేవలేకపోయిందండీ. నర్సు సాయంత్రానికి గానీ రాదట. మేం అక్కడ బొమ్మను పొర్లిస్తూ కూచోలేకపోయాం."

"మరి ఆ పోస్టరు?"

"పోస్టర్ లేనిచోట క్లాసు లేనట్టేనని మీ ఆఫీసువాళ్లేగా చెప్పారు. అందుకే మోసుకొచ్చాం."

బోజెన్నాకు నవ్వొచ్చింది. పెదవి కొరుక్కుంది.

"ఏమే పట్నం పిల్లా," అంది బామ్మ, "మరియ తల్లి తలచుట్టూ ఉండే చుక్కల కిరీటం తెచ్చారు, బానే ఉంది. కింద తల్లి ఏదే? పొద్దున్నించీ ఖాళీకే దండం పెడుతున్నా."

"చేతులు ఖాళీగా ఉన్నాయిగా మేడం, బామ్మను పక్కకు తిప్పాలి, ఆ పక్క దుప్పటి పట్టుకోండి," అంది వలెంతీనా అనే గడుసు పిల్ల.

బోజెన్నా సంచి కింద పెట్టి పట్టుకుంది.

"మెల్లగా! కాగితాన్ని కాదే నేను!" అని అరిచింది బామ్మ.

ఆ ఒంటి బరువు, వెచ్చదనం చేతుల్లోకి వచ్చాక బోజెన్నా పట్టు సరిచేసుకుని మెల్లగా తిప్పింది.

తర్వాత కిటికీ దగ్గర కూచుని రాసింది. శిక్షణ జరుగుతోందా? జరుగుతోంది. పోస్టర్ ఉందా? ఉంది. చెప్పిన చోటేనా? కలం ఆగింది. 'కాదు' అని రాసి, ఎప్పుడూ ఖాళీగా వదిలేసే చోట ఇంకో రెండు ముక్కలు చేర్చింది: "రోగి కదల్లేకపోతే క్లాసే ఆమె దగ్గరికి వెళ్లింది. దుప్పటి ఒక పక్క నేనూ పట్టుకున్నాను. శిక్షణ కొనసాగాలి."

"పైవాళ్లు ఒప్పుకుంటారా?" అంది లుద్మీల.

"ఈరోజు క్లాసు ఖర్చు రాకపోవచ్చు. శిక్షణ మాత్రం ఆపనివ్వను. పోట్లాడతా."

సంచిలోంచి కొత్త పోస్టర్ తీసి ఆమె చేతిలో పెట్టింది. "దీన్ని ఆ గదిలో పెట్టండి. అది బామ్మ దగ్గరే ఉండనివ్వండి."

"మరి కిరీటం కింద తల్లి?" అంది బామ్మ, వదలకుండా.