ఢీల్

అబ్దుల్ వాహెద్ మధ్యవేలికి గుడ్డపట్టీ చుట్టి, కొసను పళ్లతో కొరికి తెంపాడు. తరువాత ఉంగరపు వేలు పట్టాడు. చుట్టబోయే ముందు ఒక్కో వేలినీ మొహం ముందుకు తెచ్చుకుని గుర్రుగా చూశాడు, కిందటి ఆదివారం అది తనను మోసం చేసిందన్నట్టు. నలభై దాటిన మనిషి. మెడ పొట్టి, పొట్ట ముందుకు, భుజాలు మాత్రం ఎద్దు మూపురంలా ఉంటాయి. చార్మినార్ చుట్టూ ఉన్న గల్లీల్లో దుకాణాల ఇనప షట్టర్లు బాగుచేయడం అతని పని. గాజులవాడికైనా ముత్యాలవాడికైనా పొద్దున్నే షట్టర్ బిగుసుకుపోతే అతనే దిక్కు. అది జర్రున పైకి లేచాక మాత్రం, లోపలికి వచ్చి కూర్చోమన్నవాడు లేడు. ఇన్నేళ్లలో పేరేమిటని అడిగిన సేఠ్ కూడా లేడు. వాళ్లకు అతను షట్టర్ భాయ్, అంతే.

కుబ్రా చాయ్ కప్పు తెచ్చి భర్త ముందు టప్పున పెట్టింది.

"కైకూ జాతే జీ ఉధర్? గిరే తో కౌన్ దేఖ్‌తా?"

అక్కడికి ఎందుకు పోవడం, పడితే ఎవరు చూస్తారని ఆమె అడుగుతున్నది. చూడవలసింది తనేనని ఆమెకు తెలుసు కాబట్టే ఆ మంట.

"తూ నక్కో దేఖ్," నువ్వు చూడకులే అన్నాడు వాహెద్. చాయ్ సగంలో వదిలి లేచాడు.

చాంద్రాయణగుట్ట దాటి దక్షిణంగా పోతే, కొత్త ఇళ్ల మధ్య ఇంకా ఎవరూ పగలగొట్టని బండల గుట్ట ఒకటి ఉంది. అందులో మేడంత ఎత్తున్న బండ దగ్గర ప్రతి ఆదివారం ఒక క్లబ్బు వాళ్లు తాళ్లు కట్టి ఎక్కుతారు. నిరుడు వాళ్ల రేకుల షెడ్డుకు షట్టర్ బిగించడానికే వాహెద్ అక్కడికి వచ్చాడు. పిల్లలు ఎక్కుతుంటే చూసి, ఇదేం పెద్ద విద్య అనుకుని, చెప్పులు విడిచి తనూ బండ మీద చెయ్యి వేశాడు. రెండో అడుగులోనే జారి వెల్లకిలా పడ్డాడు. అప్పుడొకాయన నవ్వాడు. చాటుగా కాదు, కడుపు పట్టుకుని నవ్వాడు. వాహెద్‌ను క్లబ్బులో చేర్పించింది ఆ నవ్వే.

నవ్వినాయన పేరు శ్రీహరిరావు. కృష్ణా జిల్లా నుంచి వచ్చి మలక్‌పేటలో స్థిరపడ్డాడు. ఏదో ప్రభుత్వ ఆఫీసులో సూపరింటెండెంటు. డాక్టరు ఒళ్లు తగ్గించుకోమన్నాడని వచ్చాడు. ఒళ్లూ తగ్గలేదు, బండా ఎక్కలేదు. ఎక్కేవాడి నడుముకు కట్టిన తాడు బండ నెత్తిన ఉన్న కొక్కెంలోంచి తిరిగి కిందికి వస్తుంది. కింద ఒకరు ఆ కొసను కుడిచేత్తో వదలకుండా పట్టుకోవాలి. పట్టుకునేవాడు బక్కపలచన అయితే, పైవాడు జారగానే కిందివాడు గాలిలోకి లేస్తాడు. అందుకే నేర్పించే పిల్ల సాహిత్య బరువులు చూసి జతలు కడుతుంది. క్లబ్బులో బరువైనవాళ్లు ఇద్దరే. ఒకరంటే ఒకరికి గిట్టని ఆ ఇద్దర్నీ అలా ఒకే తాడుకు కట్టేసింది.

రావు అతన్ని ఏనాడూ పేరు పెట్టి పిలవలేదు. "ఏవండీ" అనేవాడు, బస్సులో పక్కసీటు వాడిని అన్నట్టు. తాడు పట్టడానికి ఆయన తెచ్చుకునేవి భార్య కోటేశ్వరమ్మ గులాబీ కుండీల దగ్గర వాడే ఆకుపచ్చ తోలు తొడుగులు. వాహెద్‌కు అంతకంటే ఏం కావాలి?

"ఏంది రావుసాబ్, ఇయ్యాల గులాబీలు మంచిగ తెంపిండ్రా?" అనేవాడు వారం వారం. చుట్టూ ఉన్న పిల్లలు నవ్వితే అతని కడుపు నిండేది.

అయినా ఏడాదిలో వాహెద్ నేర్చుకున్నాడు. మొదట్లో మొండికేసిన షట్టర్‌ను లాగినట్టు బండను చేతుల్తో లాగేవాడు. నిమిషం తిరక్కుండా ముంజేతులు రాళ్లయిపోయి, వేళ్లు వాటంతటవే విచ్చుకునేవి. చేతులతో కాదు, కాళ్లతో ఎక్కాలని సాహిత్య మొత్తుకునేది. కాలిని నమ్మడానికి అతనికి నెలలు పట్టింది. శనగగింజంత రాతిపలుకు మీద బొటనవేలు ఆనించి నిలబడ్డ రోజున, ఆ పలుకు తన బరువంతా మోసిన రోజున, అతనికి ఏడుపొచ్చింది. ఇంత కాలం ఎవరూ చెప్పలేదేమని కోపమూ వచ్చింది. ఆ తరువాత సేఠ్‌లు బేరాల్లో ఉండగా దుకాణాల మెట్ల అంచుల మీద మునివేళ్లతో నిలబడి సాధన చేసేవాడు. చూసినవాళ్లు నవ్వేవాళ్లు. నవ్వనీ అనుకునేవాడు.

ఇక మిగిలింది ఒకటే. బండ నడుమ పొట్టలా ముందుకు ఉబ్బిన చోటు. దానికి వాహెద్ 'సేఠ్' అని పేరు పెట్టాడు, దగ్గరికి పోయినవాడిని బయటికి నెడుతుంది కాబట్టి. సేఠ్‌కు ఎడమపక్కన ఒక చీలిక ఉంది. అందులో చెయ్యి దూరితే పైకి దారి దొరికినట్టే. అక్కడికి పోవాలంటే ఒక అడుగు ఎడమకు, కాస్త కిందికి దిగాలి. ఆ క్షణాన కిందివాడు తాడు కొంచెం వదులు చెయ్యాలి.

అసలు తగాదా అక్కడే. తాడు బిగించాలంటే 'టేక్', వదులు చెయ్యాలంటే 'స్లాక్' అనాలని క్లబ్బు నియమం. వాహెద్ నోట ఆ మాటలు రావు. చిన్నప్పుడు మిద్దెల మీద పతంగులు ఎగరేసిన నోరు అది. గాలి అందుకోగానే దారం వదలమని, దారం చుట్టిన చరఖా పట్టినవాడికి అరిచే మాట ఒక్కటే, ఢీల్. ఈయన ఏమంటాడో తనకు అంతుబట్టడం లేదని రావు సాహిత్యకు ఫిర్యాదు చేశాడు.

"ఇరవై ఏండ్ల సంది ఈ షహర్లనే ఉంటుండు. ఢీల్ తెల్వదా?" అన్నాడు వాహెద్.

"నాకు అదంతా తెలియదన్నా," అంది సాహిత్య. "ఇంకోసారి వేరే మాట వినబడితే మీకు తాడు కట్టనివ్వను. ప్రాణాల మీదికొస్తుంది."

ఈ ఆదివారం బండ చల్లగా ఉంది, వేళ్లు బాగా అతుక్కుంటున్నాయి. సాహిత్య అవతలి బండ దగ్గర పిల్లలతో ఉంది. వాహెద్ ఎక్కడం మొదలుపెట్టాడు. నడుము రాతికి దగ్గరగా, చేతులు చాపి, బరువంతా కాళ్ల మీద. సేఠ్ కిందికి చేరేసరికి కూడా ఊపిరి నిదానంగానే ఉంది. ఇవాళ అయిపోతుందని అతనికి తెలిసిపోయింది. ఎడమచెయ్యి చాపాడు. నాలుగు వేళ్లు చీలికలోకి దూరాయి. లోపల రాయి తడితడిగా, గట్టిగా ఉంది. ఇక ఎడమకాలు దించాలి. తాడు దించనివ్వలేదు. నడుము పట్టుకుని కుడివైపుకు గుంజుతోంది.

"ఢీల్!" అని అరిచాడు.

రావు కొంచెం వదిలాడు. చాలలేదు.

"ఇంకా ఢీల్ రావుసాబ్! గొడ్డును గుంజినట్టు గుంజుతవేంది?"

"మర్యాదగా మాట్లాడండి," అన్నాడు కిందినుంచి రావు.

కుడికాలు వణకసాగింది. చీలికలోని వేళ్లు జారుతున్నాయి. ఏడాది కష్టం ఆ వేళ్ల చివర ఉంది. వాహెద్‌కు ఒళ్లు మండిపోయి, మిద్దె మీది మాట మొత్తంగా బయటికొచ్చింది.

"ఢీల్ ఛోడ్! ఛోడ్ అంటున్న గద! ఛోడ్!"

రావు వదిలేశాడు.

షట్టర్ స్ప్రింగు తెగినప్పటి చప్పుడుతో తాడు పారింది. ఆకాశం, బండ, మళ్లీ ఆకాశం. ఆ తరువాత నడుము విరిగేంత కుదుపు. నేలకు మనిషెత్తున వాహెద్ ఆగిపోయి, ఊగి, మడమను బండకు కొట్టుకున్నాడు. తాడు మెల్లగా అతన్ని నేలకు దించింది.

సాహిత్య పరుగెత్తుకొచ్చింది. ముందు వాహెద్ మడమను నొక్కి చూసి, విరగలేదంది. తరువాత లేచి రావు వైపు తిరిగింది.

"తాడు ఎందుకు వదిలారు?"

"వదలమన్నాడు. ఛోడ్, ఛోడ్ అన్నాడు." రావు మొహం సున్నం కొట్టినట్టుంది. కుడిచేతి తొడుగు ఊడబెరికి పడేసి, ఆ చేతిని రెండో చంకలో దాచుకున్నాడు. "మరుక్షణమే మళ్లీ పట్టుకున్నానమ్మా."

"ఏమన్నారన్నా మీరు?"

వాహెద్ బండను చూశాడు. పైన చీలిక అంచున జారకుండా తను వేళ్లకు రాసుకున్న తెల్లటి పొడి అంటుకుని ఉంది. నిజం చెబితే తాడు కట్టనివ్వదు. అక్కడికి ఇంకెప్పుడూ చేరలేడు.

"నేను స్లాక్ అన్న," అన్నాడు.

ఏడాదిలో ఆ మాట అతని నోట సరిగ్గా పలకడం అదే మొదలు.

రావు అతని వైపు తిరిగాడు. "వాహెద్ గారూ, నేను విన్నది ఛోడ్," అన్నాడు. ఇక వాదించలేదు. సాహిత్య ఇకమీదట రావద్దంటుంటే తల ఊపాడు. నడుము పట్టా విప్పడానికి ఎడమచేత్తో తంటాలు పడ్డాడు. ఎవరూ సాయం వెళ్లలేదు. కారు తలుపు కూడా ఎడమచేత్తోనే తీసుకున్నాడు. రావుసాబ్ అని పిలుద్దామని వాహెద్ నోరు తెరిచాడు. పిలవకుండా వంగి మడమ తడుముకున్నాడు. కారు మట్టిరోడ్డు మీద కుదుపులు పడుతూ ఇళ్ల వెనక్కి వెళ్లిపోయింది.

"వచ్చే వారానికి కాలు సర్దుకుంటది," అన్నాడు వాహెద్, ఎవరూ అడక్కపోయినా. "మళ్ల ఎక్కుత."

"ఎవరు పట్టుకుంటారన్నా మీకు తాడు?" సాహిత్య తాడు చుట్టుకుంటూ అంది. "అంత బరువున్న మనిషి ఆయనొక్కడే కదా. ఇంకొకరు దొరికేదాకా ఆగాలి."

ఆమె పిల్లల దగ్గరికి వెళ్లిపోయింది. వాహెద్ సిగ్గుతో, ఆ సిగ్గు పుట్టించిన కోపంతో, కాలు చాపుకుని అక్కడే కూర్చున్నాడు. చేతికందేంత దూరంలో గులాబీల తొడుగు పడి ఉంది. అరచేతి మీద తోలు తాడు మందాన ఈ చివరినుంచి ఆ చివరికి కాలి తెగిపోయి, లోపలి గుడ్డ ఎర్రగా, ఇంకా తడిగా ఉంది.