అడుగునుంచి తీసిన నీళ్ళు

డిపో గోడకూ అక్క బావికీ మధ్య అరవై అడుగులు. గోడకు అవతల తొమ్మిది డీజిల్ ట్యాంకులు. నాలుగో ట్యాంకు అడుగు రేకు తుప్పుపట్టి చిల్లి పడిందని డిపోలో పిల్లికి కూడా తెలుసు. రోజూ పొద్దున కొలత వేస్తే రెండు వేళ్ళ మందం తగ్గేది. "ఎండకి ఆవిరైంది" అని పుస్తకంలో రాసేవారు. వానాకాలమంతా అదే రాశారు. సూర్యుడికైనా సిగ్గేసి ఉంటుంది.

ఆ కొలత వేసేది అక్క సొంత తమ్ముడు. ట్యాంకు పైకెక్కి, బరువు కట్టిన ఇత్తడి సీసా దించి నమూనా తీయడం కూడా అతని పనే. పంతొమ్మిదేళ్ళుగా అదే పని. చుక్క ముట్టడు గానీ వీధంతా అతన్ని సీసా అనే పిలుస్తుంది.

అక్క బావిలో బొక్కెన వేస్తే నీళ్ళమీద రంగురంగుల తెట్టు. ఒంటిమీద పోసుకుంటే దురద, నోట్లో పోసుకుంటే వాంతి. ఆడవాళ్ళంతా నాలుగు రోజులు గేటు ముందు బైఠాయిస్తే డిపో రోజూ మంచినీళ్ళ ట్యాంకరు పంపడం మొదలెట్టింది. దానికో మెలిక పెట్టింది. బావి నీళ్ళు పరీక్షకు పోతాయి, బాగున్నాయని తేలితే ట్యాంకరు బంద్. వీధికి వేరే నీళ్ళు లేవు.

నమూనా తీసే రోజు పర్యావరణ ఆఫీసరును వెంటబెట్టుకుని డిపో మేనేజరు వచ్చాడు.

"మీ తమ్ముడే తీస్తాడమ్మా. ఇంకా అనుమానమేంటి?" అన్నాడు.

అక్క మురిసిపోయింది. "మావాడి చెయ్యి పడితే అబద్ధం దాగదు సార్" అంది. పిచ్చిది.

తమ్ముడు సీసాను నీళ్ళ పైన ఆపలేదు. ఠంగుమని అడుగు రాయి తగిలేదాకా తాడు వదులుతూనే పోయాడు. అప్పుడు బిరడాకు కట్టిన దారం లాగాడు. బిరడా ఊడింది. డీజిల్ పైన తేలుతోంది, సీసా అడుగున నిండుతోంది. పైకొచ్చిన సీసాకు బయటంతా జిడ్డు. జేబులోంచి గుడ్డ తీసి శుభ్రంగా తుడిచి ఆఫీసరు చేతిలో పెట్టాడు.

"ఒరేయ్, పైన తీయవేంరా?" అక్క అరిచింది. "నూనె నీళ్ళమీద తేలుతుందని గరిటె పట్టిన ప్రతిదానికీ తెలుసు కదరా!"

"పద్ధతి ప్రకారమే తీశారు" అంటూ ఆఫీసరు సంతకం గీకాడు.

"అయితే ఆ తుడిచిన గుడ్డ పరీక్ష చేయించండి సార్!"

"గుడ్డకి ఫారం లేదమ్మా."

పనితనమంటే ఇది. నిజం ఎక్కడ తేలుతుందో తెలిసినవాడే సరిగ్గా దాని కిందనుంచి తీయగలడు.

పన్నెండో రోజు రిపోర్టు వచ్చింది: తాగడానికి పనికొస్తాయి. పదమూడో రోజు ట్యాంకరు రాలేదు.

ఆ సాయంత్రం తమ్ముడు వచ్చాడు. చంకలో పాత ఇత్తడి సీసా, చేతిలో కొత్త తాడు. గుమ్మం దాటలేదు.

"తిట్టక్కా. తిట్టాకైనా ఇది తీసుకో. అడుగునుంచి తోడుకుంటే అంత కంపుండదు."

"రేపు నాతో కలెక్టరాఫీసుకొచ్చి, నమూనా ఎలా తీశావో చెప్తావా?"

"ఇంకో రెండేళ్ళేగా సర్వీసు..."

"నాకెన్నేళ్ళుందో మీ పుస్తకంలో రాసుందా?"

తమ్ముడు సీసా ముందుకు చాచాడు.

అక్క సీసా లాక్కుని బావి దగ్గరికి పోయింది. ఇంట్లో బిందెలన్నీ బోర్లించి ఉన్నాయి. దాహానికి రోషం తెలీదు. వాడు చేసినట్టే దించింది, దారం లాగింది, పైకి తోడింది. బయటి జిడ్డు కూడా వాడిలాగే తుడిచింది. గ్లాసులో పోసి వాడికే అందించింది.

పంతొమ్మిదేళ్ళ అలవాటు. గ్లాసు నోటికంటే ముందు ముక్కు దగ్గరికి పోయింది.

"వాసన చూస్తావేంరా?" అంది అక్క. "రిపోర్టు చూసి తాగు."

వాడు గ్లాసు బావి గట్టుమీద పెట్టేశాడు. అప్పటికే వెనక ఆడవాళ్ళు ఖాళీ బిందెలతో వరస కట్టారు. ఉన్నది ఒక్కటే సీసా.