గదవేషం జయరావు జీవిత విశేషాలు

నాలుగు పేజీలు చాలన్నారు చెంగల్రాయుడు గారు. చిత్తూరులో నాటక సమాజం నడిపేదీ, మద్రాసులో బాక్సింగు పోటీలకు మా ఆయన్ని పంపిందీ ఆయనే. "మీరు టీచరమ్మ, మీకు చెప్పాల్నా? ఆయన పుట్టింది, వేషం కట్టింది, గుద్దులాటల్లో గెల్సింది, సినిమాలో కనపడింది, అన్నీ వరసగా రాసియ్యండి. కడాన పూతలపట్టు సంగతి రాయండి. జనం దానికోసరమే వస్తారు" అని చెప్పి, మజ్జిగ తాగి వెళ్లిపోయారు.

నేను చేటలో రేషను బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతూ విన్నాను. మా ఆయన పోయి అప్పటికి మూడు నెలలు. సంతాపసభ శుక్రవారం మధ్యాహ్నం. మరునాడు పొద్దున మా మరిది ధనంజయ మద్రాసు రైలెక్కుతాడు. ఆదివారం రింగులోకి దిగుతాడు. 'గదవేషం జయరావు తమ్ముడు' అని గోడపత్రికలు అచ్చయిపోయాయి. ధనంజయకు ఇరవై ఆరేళ్లు. అతని భార్య మునిరత్నమ్మకు ఐదో నెల. ఆ గోడపత్రిక ఇంటికి వచ్చిన రోజు నుంచి నాకు అన్నం సయించడం లేదు. బడిలో పిల్లలు చదువుతుంటే వాళ్ల పెదవులు కదలడం తప్ప ఏమీ వినపడడం లేదు. శనివారం లోపల అతణ్ణి ఆపాలి. ఆపడానికి నా చేతిలో ఉన్నవి ఆ నాలుగు పేజీలే.

మొదటి మూడు పేజీలు సులభంగానే వచ్చాయి. బంగారుపాళ్యంలో సేద్యగాళ్ల ఇంట్లో పుట్టారు. పద్దెనిమిదో ఏట సమాజంలో చేరారు. గొంతు బాగుందని కాదు, భుజాలు బాగున్నాయని గద పట్టే వేషం ఇచ్చారు. గొంతు తరవాత సాధనతో వచ్చింది. సమాజం మద్రాసులో నాటకాలు ఆడినప్పుడు, హార్బరు దగ్గర కుర్రవాళ్లకు బాక్సింగు నేర్పే ఒక ఆంగ్లో ఇండియన్ ఈయన భుజాలు చూసి పిలిపించుకున్నాడు. అప్పటి నుంచి ఎండాకాలం నాటకాలు, వానాకాలం బాక్సింగు. యుద్ధం రోజుల్లో సోల్జర్లతో నిండిన కొట్టాయిల్లో, ఆ పెద్ద పాకల్లో, ఆయన ముప్పైకి పైగా పోటీలు ఆడారు. ఒక సినిమాలో రెండు నిమిషాలు గద ఎత్తుకుని నిలబడ్డారు. అది చూడడానికి మా వీధి వీధంతా కదిలింది.

ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. అయినా రాస్తూ రాస్తూ కలం కింద పెట్టాను. పోటీ ముగిసిన మరునాడు ఆయన ఇంటికి వస్తే వాచిన ముఖానికి ఉప్పు మూటతో కాపడం పెట్టడం, కనుబొమ మీది కుట్ల దారం కత్తిరించడం, దవడ కదలకపోతే జావ చేసి చెంచాతో పోయడం, తొమ్మిదిన్నరకల్లా తలదువ్వుకుని బడికి పోవడం, ఇవి ఏ పేజీలో వస్తాయి? "మొగోడు దెబ్బలు తిని ఇంటికొస్తే ఆడదానికి ఇంకేం పనుండాది" అనేది మా అత్త కుప్పమ్మ. క్లాసులో ఒకసారి కునికిపాటు పడ్డాను. హెడ్‌మాస్టరు ఆడపిల్లలందరి ముందూ, "నాటకాలోళ్ల కొంపలో నిద్ర యాడుంటుందిలే" అని నవ్వాడు. పిల్లలూ నవ్వారు. నేను లెక్క పూర్తి చేశాను.

మరుపు మొదలైంది మూడేళ్ల కిందట. ఒక పూట అన్నం ముందు కూర్చుని ఉప్పు యాడుండాదని మూడుసార్లు అడిగారు. మూడుసార్లూ ఉప్పు ఆకులోనే ఉంది. తరవాత పద్యాల వంతు వచ్చింది. నడి పద్యంలో ఆగిపోయి, కోపం నటిస్తున్నట్టు గద తిప్పుతూ రంగస్థలం చుట్టూ నడిచేవారు. జనానికి అదీ నచ్చేది. ఒకరోజు నన్ను పెరట్లోకి పిలిచి, "ఆనందా, నువ్వు పక్కతెర ఎనక నిలబడు. మొదటి మాట అందిస్తే సాలు, మిగతాది నేను పట్టుకుంటా. ఎవరికీ సెప్పొద్దు. సెప్తే ఏషం ఇయ్యరు. ఏషం ల్యాకుంటే నేనెవరు?" అన్నారు. అంత పెద్ద శరీరం, నా చెయ్యి పట్టుకోవడానికి వంగింది.

ఆ రోజు నుంచి సాయంత్రం బడి వదలగానే నేను బస్సో బండో ఎక్కేదాన్ని. సెలవు రోజుల్లో గూడూరు దాకా కూడా పోయాను. పక్కతెర వెనక, మీసాలు అంటించుకునేవాళ్ల మధ్య, పుస్తకం పట్టుకుని నిలబడ్డాను. నెలలోపల పుస్తకం అక్కర్లేకపోయింది. ఆయన పద్యాలన్నీ నాకు కంఠతా వచ్చేశాయి. టీచరమ్మ మొగుడికి పాఠం చెప్తా ఉండాదని సమాజంలో వాళ్లు నవ్వుకున్నారు. మా అత్తకు వేరే అర్థం తోచింది. స్త్రీ వేషాలు కట్టేవాళ్ల మీద అనుమానంతో నేను మొగుడికి కాపలా కాస్తున్నానని వీధిలో చెప్పింది. నేను కాదనలేదు. అనుమానపు పెళ్లాం అనిపించుకోవడమే నయమనిపించింది. నిజం దాచడానికి అంతకన్నా మంచి ముసుగు దొరకదు. చెప్పకూడని సంగతి ఒకటుంది. ఆ దాచడంలో నాకు కొంచెం గర్వం కూడా ఉండేది. ఇంతమందిలో ఆయన నా గొంతు కోసమే చెవి ఒగ్గేవారు.

పూతలపట్టు నాటకం సంగతి ఇది. పద్యం నచ్చితే జనం 'ఒన్స్ మోర్' అని కేకలు వేస్తారు, నటుడు మళ్లీ పాడతాడు. ఆనాడు ఎవరూ కేక వెయ్యలేదు. ఆయన యుద్ధానికి పిలిచే పద్యం పాడారు, ఆగారు, అదే పద్యం మొదటి నుంచి ఎత్తుకున్నారు. అడక్కుండానే ఇస్తున్నాడని జనం లేచి చప్పట్లు కొట్టారు. మూడోసారి పాడారు. నేను తెర వెనక నుంచి తరవాతి పద్యం మొదటి మాట అరుస్తూనే ఉన్నాను. చప్పట్లలో నా గొంతు నాకే వినపడలేదు. నాలుగోసారి పాడేటప్పటికి ముందు వరసలో ముసలివాళ్లు కళ్లు తుడుచుకున్నారు. తెర వెనక్కి వచ్చి ఆయన చెమటలు కక్కుతూ నన్ను అడిగారు: "ఆ పద్యం పాడినానా?"

పదకొండు రోజులకు తలనొప్పి అని పడుకున్నారు, లేవలేదు. నేను అప్పుడు మూడో తరగతికి ఎక్కాలు చెప్తున్నాను. ఏళ్ల తరబడి తలకు తగిలిన దెబ్బల వల్ల లోపల రక్తం చేరిందని, మరుపు కూడా ఆ దెబ్బల వల్లేనని ఆసుపత్రిలో డాక్టరు నాకు చెప్పాడు. మా అత్త ఆ మాట చెవిన వేసుకోలేదు. పూతలపట్టులో అడక్కుండా నాలుగుసార్లు పాడినందుకు దిష్టి తగిలిందని ఆమె అంది. చిత్తూరంతా అదే అంది. అన్న చావు నుంచి ధనంజయ నేర్చుకున్నది ఒక్కటే. మద్రాసు పిలుపు రాగానే కుడి చేతికి నల్లదారం కట్టించుకున్నాడు.

అందుకని నాలుగో పేజీలో ఉన్నది ఉన్నట్టు రాశాను. ఆయన ఆ పద్యం నాలుగుసార్లు పాడింది దయతో కాదనీ, పాడిన సంగతి గుర్తులేక అనీ రాశాను. ఆ మరుపు బాక్సింగు వల్ల వచ్చిందని డాక్టరు అన్న మాట రాశాను. గురువారం పంపాను. సాయంత్రానికి చెంగల్రాయుడు గారే వచ్చారు. కోప్పడలేదు. "టీచరమ్మా, ఇది సభలో సదవతగిన మాటేనా? పోయినాయన పరువు మీ చేతిలో ఉండాది" అన్నారు. ధనంజయ ప్రాణం మీ చేతిలో ఉందని నేనన్నాను. ఆయన పేజీలు మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయారు.

మా ఆయన పోయి ఏడాది తిరగలేదు కాబట్టి సభకు నేను పోకూడదు. మునిరత్నమ్మ పోయి వచ్చి చెప్పింది. మూడు పేజీలు చదివారట. నాలుగో పేజీ వచ్చేసరికి చెంగల్రాయుడు గారు కాగితం కింద పెట్టి, ఎవరూ అడక్కుండా నాలుగుసార్లు పాడిన దాత అని సొంతంగా చెప్పారట. జనం ఏడ్చారట. ధనంజయకు దండ వేశారట. చెప్పడం ముగించి ఆ పిల్ల నా పక్కనే కూలబడింది. "నీ మాట ఒక్కటే ఇంటాడక్కా. ఎట్లయినా ఆపు" అంది.

ఆ సాయంత్రం వంటింటి గడపలో ధనంజయను కూర్చోబెట్టి అంతా చెప్పాను. అతను తల వంచుకుని విన్నాడు.

"నువ్వు సెప్పేది నిజమే అయితే, వదినా, మూడేండ్లు ఎందుకు దాసిపెడ్తివి?"

"మీ అన్న చెప్పొద్దన్నాడు."

"అన్న సెప్పొద్దంటే నువ్వు సెప్పలేదు. తెర ఎనక నిలబడి ఇంకా ఆడించినావు. ఇప్పుడు నేను పోతాంటే వద్దంటా ఉండావు." గొంతులో కోపం లేదు. "నన్ను ఓర్వలేక అంటా ఉండావని అమ్మ అంటాది. నేననుకోను. అన్న పోయినాడు, నీకు బయం పట్టుకునింది. అంతే."

డాక్టరు మాట చెప్పాను. దిష్టి సంగతి డాక్టర్లకేం తెలుసన్నాడు. నేను అతని మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోయాను. నేను అప్పుడే నోరు తెరిచి ఉంటే ఆ పద్యాలు ఎవరో పాడేవారు, మద్రాసు పోటీలూ ఆగిపోయేవి, ఆయన బతికి ఉండేవారు. ఇది ఏ డాక్టరూ చెప్పలేదు. నాకు తెలుసు.

దీపం పెట్టే వేళ మా అత్త వచ్చింది. పిండికి నానబెట్టమన్నట్టు మామూలుగా చెప్పింది: "రేపు బిడ్డ బయలుదేరేటప్పుడు నువ్వు పెరట్లోనే ఉండు. వాకిలి తట్టు రావద్దు. నీ మొగం ఎదురైతే పోయిన పని సెడిపోతాది." సరేనన్నాను. మూడు నెలలుగా బడికి కూడా పెరటి సందులోనే పోతున్నాను. భర్త లేనిది ఎదురొస్తే ఈ ఇంట్లో మగవాడు వెనక్కి తిరుగుతాడు, ఆ పొద్దుకు పయనం కట్టిపెడతాడు. మా మామ బతికుండగా ఇలాగే ఒకసారి కోర్టు వాయిదాకే పోలేదట. శకునాలు మూఢనమ్మకమని నేను నాలుగో తరగతికి ఏటా పాఠం చెప్తాను. అత్త వెళ్లిపోయింది. నేను చెప్పిన నిజాన్ని ఈ ఇంట్లో ఎవరూ నమ్మలేదు. నా ముఖాన్ని మాత్రం అందరూ నమ్ముతున్నారు.

పొద్దున ఆరింటికి జట్కా వచ్చి వాకిట్లో నిలబడింది. కర్పూరం వాసన పెరట్లోకి వచ్చింది.  రోజూ తీసే సందు తలుపు గడియ ఆ పొద్దున బిగుసుకుపోయి ఉంది, రెండుసార్లు లాగినా రాలేదు. వెనక నుంచి మునిరత్నమ్మ వచ్చింది.  గడియ లాగి, తలుపు తీసి పట్టుకుంది.

సందు చుట్టి వీధిలోకి వచ్చాను. మూడు నెలల తరవాత ఆ వీధి నడిమిన నడవడం అదే మొదలు. ధనంజయ పెట్టె పట్టుకుని కుడికాలు గడప దాటించాడు. తల ఎత్తితే ఎదురుగా నేను. మా అత్త నోటి మీద చెయ్యి పెట్టుకుంది. పక్కింటివాళ్లు అరుగుల మీద నిలబడి చూస్తున్నారు. నేను ఆగలేదు. జట్కాకూ గడపకూ మధ్య దాకా వచ్చి నిలబడ్డాను.

"తప్పుకో వదినా," అన్నాడు.

"నేను ఎదురైపోయాను ధనంజయా. ఇంక తప్పుకుంటే ఏం లాభం?"

అతను నా వైపు చూశాడు, వాళ్లమ్మ వైపు చూశాడు. పెట్టె కింద పెట్టాడు. చెప్పులు విడిచి, వెనక్కి తిరిగి, లోపలికి పోయాడు. మా అత్త అన్న మాటలు రాయను. వాటిలో ఒక్కటి మాత్రం నిజం. నేను కావాలనే వచ్చాను. జట్కా ఖాళీగా తిరిగి పోయింది.

మధ్యాహ్నం రెండు గంటలకు ఇంకో రైలుంది. నేను వీధి అరుగు మీద, తలుపుకు ఎదురుగా, కూర్చున్నాను.