పనిమనిషి మాటలు ఎవరు చదవాలి

ఇంగ్లీషు టీచరమ్మకు న్యాయం గురించి చెప్పడమంటే ప్రాణం. తొమ్మిదో తరగతి నాటకంలో ఒక పనిమనిషి ఉంది. పదేళ్లు నోరు మెదపని మనిషి, చివర్లో యజమానురాలి ఎదుట నిలబడి పన్నెండు వాక్యాలు మాట్లాడుతుంది. అక్కడికొచ్చేసరికి ప్రతి ఏడూ టీచరమ్మ గొంతు బొంగురుపోయేది.

మరి ఆ మాటలు క్లాసులో చదివేదెవరు? ఇంకెవరు, ఉచ్చారణ బాగున్న పిల్ల. ఈసారి లాయరుగారమ్మాయి. బడి ఊడ్చే ఆయమ్మ కూతురికి మూడేళ్లుగా ఏ నాటకంలోనైనా దక్కిందల్లా తలుపు తట్టడమే. బల్ల మీద మూడుసార్లు కొట్టి కూర్చోవాలి. పిల్లలు ఆమెకు టకటక అని పేరు కూడా పెట్టేశారు. టీచరమ్మకు ఇందులో తప్పేమీ కనబడలేదు. దీపం కింద చీకటని పెద్దలు ఊరికే అన్నారా.

ఆ రోజు తనిఖీ అధికారి వచ్చి వెనక బెంచీలో కూర్చున్నాడు. ఆయన నివేదికను బట్టే టీచరమ్మ ఉద్యోగం పర్మనెంటు అవుతుంది. దానికోసం ఆరేళ్లుగా కాళ్లరిగేలా తిరిగింది పాపం.

లాయరుగారమ్మాయి పుస్తకం తెరిచింది. అంతలో ఆయమ్మ కూతురు లేచి నిలబడింది.

"మేడమ్, ఆ మాటలు నేను చదువుతాను. మా అమ్మ చేసేదీ ఆ పనే కదా. తలుపు ఇంకెవరైనా కొడతారు."

ఆ పిల్ల ఇంగ్లీషు చదివితే రాళ్లదారిలో బండి నడిచినట్టుంటుంది. కూర్చోమంటే సరిపోయేది. కానీ అడిగే హక్కు అందరికీ ఉందని వారం రోజులుగా చెవినిల్లు కట్టుకుని చెప్పింది తనే. అడిగిన పిల్లను కూర్చోబెట్టి, రేపు ఏ మొహం పెట్టుకుని పాఠం చెప్పాలి? భయమూ వేసింది, తన మీద తనకే సిగ్గూ వేసింది.

"చదువమ్మా," అంది.

మొదటి వాక్యంలోనే పిల్ల మూడుచోట్ల ఆగింది. అధికారి గడియారం చూసుకున్నాడు. ఎవరో కిసుక్కుమనబోతే లాయరుగారమ్మాయే మోచేత్తో పొడిచింది. ఎనిమిదో వాక్యం దగ్గర గంట కొట్టారు. పన్నెండు వాక్యాలూ అయ్యేదాకా ఒక్కరూ కదల్లేదు.

ఉచ్చారణ చాలా బలహీనం, తర్ఫీదు లేదు అని రాసి అధికారి సంతకం పెట్టమన్నాడు. టీచరమ్మ కళ్లు చెమర్చాయి. ఇంకో ఏడాది తిరగాలి కాబోలు. సంతకం పెట్టి ఇచ్చేసింది.

పిల్ల ఇంకా తలుపు దగ్గరే నిలబడి ఉంది. రేపు మళ్లీ మొదట్నుంచి చదువుదామని, యజమానురాలి మాటలు ఎవరికిద్దామో చెప్పమని టీచరమ్మ అడిగింది.

పిల్ల పుస్తకం తెచ్చి ఆవిడ చేతిలో పెట్టింది.

"మీరు చదవండి మేడమ్."

టీచరమ్మ పుస్తకం మూసేసింది. ఆ మాటలు ఆవిడకు ఎప్పట్నుంచో నోటికొచ్చు.