వెర్లీన్ వద్దన్న కేక

షికాగో దక్షిణం వైపు వెర్లీన్ టాలివర్ గొంతు తెలియని బడి లేదు. పట్టాలిచ్చే రోజున అక్కడి ప్రిన్సిపాళ్లు ఏటా ఒకే మాట చెబుతారు: అందరి పేర్లూ అయ్యేదాకా చప్పట్లూ కేకలూ వద్దని. ఏటా ఎవరూ వినరు. పిల్ల పేరు పిలవగానే మేనత్తలూ తాతలూ ఇరుగుపొరుగూ లేచి పైకప్పు లేచిపోయేలా అరుస్తారు. ఎవరికైనా అరుపు రాకపోతే, పాపం ఎవరూ లేరు కాబోలు అనుకుంటారు. అలాంటి పిల్ల కనబడితే వెర్లీన్ ఊరుకోదు. తనకేమీ కాకపోయినా లేచి ఒక కేక వేస్తుంది.

భర్త లూషస్ నోట్లో నాలుక లేని మనిషి. సిటీ బస్సులు బాగుచేసి రిటైరయ్యాడు. ఆమె లేస్తే చాలు, కోటు అంచు పట్టుకుని లాగి, "కూర్చోవే, అందరూ చూస్తున్నారు" అనడం అతని వంతు.

కొడుకు కాలేజీ పట్టా పుచ్చుకున్న రోజున అక్కడి గార్డులు, అరిస్తే బయటికే అని చెప్పి, అన్నంత పనీ చేసే రకం. వెర్లీన్ నోరు తెరవడమే ఆలస్యం, ఇద్దరు వచ్చి మర్యాదగానే బయటికి నడిపించారు. కొత్త టోపీ పెట్టుకుని ఆమె చివరిదాకా రోడ్డు పక్కన ఒక్కతే నిలబడింది. లూషస్ సిగ్గుతో చచ్చి లోపలే కూర్చున్నాడు. ఆ సంగతి ఇద్దరూ మళ్లీ ఎత్తలేదు గానీ, ఆమె మరిచిపోలేదు.

ఇన్నాళ్లకు వెర్లీన్ వంతు వచ్చింది. బడి వంటింట్లో పనిచేస్తూ, సాయంత్రాలు సిటీ కాలేజీకి పోయి, లెక్కల్లో బోల్తాపడి మళ్లీ లేచి, పసిపిల్లలకు చదువు చెప్పే కోర్సు అరవయ్యో ఏట పూర్తిచేసింది. ఆ పొద్దున కూతురు డెల్ఫీన్ ఆమె జడలు సర్ది, నల్లగౌనుకు బొత్తాలు పెడుతోంది.

"ఒసే, ముందే చెబుతున్నా. నా పేరు పిలిచినప్పుడు ఎవరూ అరవకండి. పక్కనంతా చిన్నపిల్లలు. ముసల్దాని సంబరం చూడండ్రా అని నవ్వుకుంటారు."

"నువ్వేనా అమ్మా ఈ మాటంటున్నది? ఒంట్లో బానే ఉందా?"

"నోర్మూసుకుని చెప్పింది చెయ్యి. మనతో వచ్చే చర్చి వాళ్లకీ చెప్పు. ఏమయ్యా, నీకూ కలిపే చెబుతున్నా."

"నాకెందుకే చెప్పడం? మూగవాణ్ణి పాడొద్దన్నట్టుంది" అన్నాడు లూషస్, బూట్లు తుడుచుకుంటూ.

ఆమె వద్దన్నది పైపైకే. ఇంతమంది వద్దంటే తను ఎన్నడైనా విన్నదా? తనవాళ్లూ వినరని, గొంతులు చించుకుంటారని లోపల గట్టి ధీమా. నిజానికి ఆమె ఆశంతా ఆ కేక మీదే. పట్టా పోస్టులో పంపినా వస్తుంది, కేక రాదు.

హాల్లో డీన్ వద్దని చెప్పడమూ, జనం అరవడమూ మామూలుగానే జరిగాయి. గార్డులు తలుపుల దగ్గర గుర్రుగా చూస్తున్నారు. చివరికి పిలిచారు.

"వెర్లీన్ టాలివర్."

వేదిక ఎక్కింది. నిశ్శబ్దం. తనవాళ్ల వరుస కేసి చూసింది. డెల్ఫీన్ రెండు చేతులతో నోరు మూసుకుని కళ్లనీళ్లు పెట్టుకుంటోంది. చర్చి ఆడవాళ్లు ఒళ్లో చేతులు పెట్టుకుని, ప్రార్థనలో కూర్చున్నట్టు కూర్చున్నారు. పుట్టి బుద్ధెరిగాక ఎవరి మాటా వినని జనం, పోయిపోయి ఈ ఒక్కరోజే బుద్ధిమంతులయ్యారు. వెర్లీన్ గుండె నీరైపోయింది. ఎవరూ లేని పిల్లలా నడిచింది. చేజేతులా చేసుకున్నదే, ఎవర్నని ఏం లాభం?

"వెర్లీన్! అది నా పెళ్లామండీ! నా వెర్లీన్!"

తుప్పుపట్టిన బస్సు తలుపు తెరిచినట్టుంది ఆ గొంతు. లూషస్ లేచి నిలబడి, హ్యాటు గాల్లో ఊపుతున్నాడు. ఇక చర్చి వరుస ఆగుతుందా? హాలు అదిరిపోయింది.

ఒక గార్డు వచ్చి, "పెద్దాయనా, కాస్త బయటికి రండి" అన్నాడు. లూషస్ తలెత్తుకునే వెళ్లాడు.

వెర్లీన్ పట్టా అందుకుంది, డీన్‌తో చెయ్యి కలిపింది. ఆ తర్వాత తన కుర్చీ వైపు తిరగలేదు. గౌను రెపరెపలాడుతుంటే మధ్య దారిన నేరుగా తలుపు దాకా నడిచి, బయటికి వచ్చేసింది.

అతను రోడ్డు పక్కన గొంతు పట్టుకుని దగ్గుతున్నాడు.

"లోపలికి పోవే. ఇంకా అవలేదుగా. అందరూ చూస్తారు."

"చూడనీ. వద్దని చెప్పానా లేదా?"

"చెప్పావు." అతను బూట్ల కేసి చూసుకున్నాడు. "నువ్వలా నడుస్తుంటే చూడలేకపోయానే. అబ్బాయి పట్టా రోజున కూడా నీతో పాటు బయటికి రావాల్సింది. ఒక్కదాన్నే నిలబెట్టాను."

ఎన్నేళ్లుగానో బిగుసుకున్నదేదో ఆమెలో వదులైంది. తన నల్లటి పట్టా టోపీ తీసి అతని బట్టతల మీద పెట్టి, కుచ్చు సరిచేసింది.

"ఏమన్నావయ్యా అక్కడ? ఆ గోలలో సరిగా వినబడలేదు."

లూషస్ అటూ ఇటూ చూశాడు. ఎదుట బస్టాపు నిండా జనం. గొంతు సవరించుకుని, ఇంకాస్త గట్టిగా అరిచాడు.