ఆరు ఊదా సాల్వియాలు

“తోటలో ఎర్ర సాల్వియా పూలమొక్కలే పెట్టు. ఆఫీసు గేటు దగ్గర చూశావుగా, స్కేలు పెట్టి గీసినట్టు ఎంత నీట్‌గా ఉంటాయో,” అన్నాడు గిరీష్, బూట్ల లేసులు కట్టుకుంటూ. సరేనండి, అంది మహాలక్ష్మి. అని, మొక్కలు కొనడానికి జగదల్‌పూర్ బస్సెక్కింది.

బచేలి గనుల కాలనీలో ఆ క్వార్టర్‌కి వచ్చి పదకొండేళ్ళు. ముందున్న తోటంతా ఆమె చేతిదే. రాళ్ళు ఏరి, పేడ ఎరువు కలిపి, మోకాళ్ళ మీద పాకుతూ కలుపు తీసి పెంచింది. ఏటా జనవరిలో కాలనీ తోటల పోటీలో బహుమతి మాత్రం గిరీష్‌కే వస్తుంది, క్వార్టర్ ఆయన పేరు మీద ఉంది గనక. ఇంట్లో కర్టెన్ల రంగు అత్తగారు ఎంచింది. గిన్నెల మీద మామగారి పేరు. చివరికి నోట్లో మాట కూడా ఆమెది కాదు. భోపాలపట్నం నుంచి కొత్త కోడలిగా వచ్చిన వారంలోనే, “ఆ ఏంది ఏంది అనడం మానెయ్, ఆఫీసర్ల ఆడవాళ్ళ ముందు పరువు పోతుంది,” అని భర్త దిద్దాడు. అప్పటినుంచీ ఆయన ముందు ప్రతి మాటా లోపలే ఉతికి ఆరేసి గాని బయటికి తీయదు.

అక్కడ నర్సరీ నడిపే రీనా ఎర్ర మొక్కలు ట్రేలకు ట్రేలు చూపించింది. మహాలక్ష్మి చూపు గోడవారనున్న ఊదారంగు సాల్వియాల మీద పడింది.

“ఛాతీ దాకా పెరుగుతాయి దీదీ,” అంది రీనా.

ఒకటి మరీ గుబురు. ఇంకొకదాని కాండం మొద్దు. మూడోదాన్ని చెయ్యి చాచి దూరంగా పట్టుకుని చూసింది. సన్నటి కాడలు, ఎడమెడంగా పూలు, సందుల్లోంచి అవతలి గులాబీలు కనబడుతున్నాయి. ముందు బంతి, వెనక గులాబీ, నడుమ ఇవి. గాలాడుతూ ఉంటాయి, దేన్నీ మూసెయ్యవు. అలాంటివి ఆరు ఏరడానికి గంట పట్టింది. ఆ గంటా ఆమెను ఎవరూ పిలవలేదు.

“ఇవేం పిచ్చిమొక్కలు? చెప్పిందొకటి, తెచ్చిందొకటి,” అన్నాడు గిరీష్. ఆమె వాటినే నడుమ వరుసలో నాటింది. డిసెంబరుకల్లా పూశాయి. అంట్లయ్యాక, అత్తగారు పిలిచే లోపు, ఐదు నిమిషాలు మెట్టు మీద కూర్చుని వాటినే చూసేది.

జనవరిలో పోటీ జడ్జీలు వచ్చే రోజు పొద్దున అత్తగారిని మోకాళ్ళ నొప్పులకు ఆసుపత్రికి తీసుకెళ్ళింది. తిరిగొచ్చేసరికి ఆరు మొక్కలూ మొదలంటా కోసి ఉన్నాయి. పనిమనిషి మాసే కొడవలి పట్టుకుని తల దించుకుంది.

“సారే కోయమన్నడమ్మా. అమ్మ పెట్టింది సారూ అని చెప్పిన. ఇనలే.”

“అవి ఉంటే నా నేమ్‌ప్లేట్ కనబడట్లేదు,” అన్నాడు గిరీష్ లోపల్నుంచి. “టీ పెట్టు, వచ్చేస్తారు.”

పెట్టింది. జడ్జీగా వచ్చినావిడ కప్పు అందుకుంటూ, “నడుమ అంతా బోసిగా ఉందేమిటి?” అంది.

“మా ఆవిడకి ప్లానింగ్ తెలీదు మేడమ్,” అని నవ్వాడు గిరీష్. అందరూ నవ్వారు. ట్రే పట్టుకుని నిలబడ్డ మహాలక్ష్మి కూడా నవ్వింది. ఆ నవ్వు తలుచుకుని తర్వాత చాలా రోజులు సిగ్గుపడింది.

మూడు వారాలకు మోళ్ళ నుంచి చిగుళ్ళు లేచాయి. ముందు చూసింది మాసేనే. సంబరంగా కేకేసింది. మహాలక్ష్మి వచ్చి వంగి చూసి, చీర చెంగు బొడ్లో దోపి కూర్చుంది. గునపంతో ఒక్కో దుబ్బునూ వేళ్ళతో సహా పెళ్ళగించసాగింది.

“అయ్యో, ఏందమ్మా ఇది! బతికినయ్ గదా!”

“బతికినయ్ గనకనే పీకుతున్న మాసే,” అంది మహాలక్ష్మి తల ఎత్తకుండా. “మళ్ల పూస్తయి. మళ్ల కోయిస్తడు. రెండోసారి చూసే ఓపిక నాకు లేదు.”